ఇరాక్ బేస్‌లో పనికెళ్తే "అక్కడి చట్టం మనకి అంటదు" అన్న ఏజెంటు మాట నిజమేనా?

మలికిపురం నుంచి ఒకాయన అడిగేరు. వాళ్ళ బావమరిదికి ఇరాక్‌లో అమెరికా వాళ్ళ సైనిక బేస్ మెస్సులో కుక్ పని వచ్చిందంట, ఏజెంటేమో "భయపడకండి, అమెరికా కాంట్రాక్టు కింద వెళ్ళినోళ్ళ మీద అక్కడి పోలీసు చెయ్యి వెయ్యలేడు, ఏ కేసూ అంటదు" అని ధైర్యం చెప్తున్నాడంట. ఇది నిజమేనా, నిజమే అయితే రేపు ఆ సోల్జర్లో ఆ కంపెనీ వాళ్ళో మనవాణ్ణి ఏదైనా చేస్తే ఎవర్ని అడగాలి అని ఆయన ప్రశ్న. రెండో ముక్క అడిగినందుకు ఆయనకి దణ్ణం పెట్టాలండి, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది మొదటి ముక్క దగ్గరే ఆగిపోతారు.

జవాబు ముందే చెప్పేస్తాను. ఏజెంటు చెప్పేది 2003 నుంచి 2008 ఆఖరు దాకా నడిచిన సంగతి, ఇప్పటిది కాదు. 2009 జనవరి 1 నుంచి కాంట్రాక్టు మనుషులకి ఆ రక్షణ తీసేసేరు. ఉన్న రోజుల్లో కూడా అది మన కుక్కుల కోసం, డ్రైవర్ల కోసం పెట్టింది కాదు. ఇక మనవాడికి ఏదైనా జరిగితే అక్కడి కోర్టులో విదేశీ సోల్జర్ని నిలబెట్టడం దాదాపు అయ్యే పని కాదు, కానీ నష్టపరిహారానికి మాత్రం ఒక దారి ఉంది, అది అమెరికా వాళ్ళ 1941 నాటి చట్టం. దాని సంగతి మన ఏజెంట్లు చెప్పరు, ఏడాది దాటితే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

నేను అమలాపురంలో వకీలుగా ఉన్నాను, గల్ఫ్ వెళ్ళొచ్చిన వాళ్ళ కేసులు, వెళ్ళి తిరిగి రానివాళ్ళ ఇళ్ళవాళ్ళ కేసులు ఎక్కువ చూస్తాను. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మన వైపు వాళ్ళకి యానాం సంగతి చెప్తే ఇది తేలిగ్గా బుర్రకెక్కుతుంది. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చి పద్నాలుగేళ్ళలోపు ఆడపిల్లకి పెళ్ళి చెయ్యకూడదు అన్నాక మన తాతలు ఏం చేసేరు, పడవెక్కి యానాం వెళ్ళి అక్కడ చేసేసేవారు, అది ఫ్రెంచి వాళ్ళ నేల, ఇంగ్లీషు వాళ్ళ చట్టం అక్కడ చెల్లదు. అంటే చట్టం నేలకి అంటుకుని ఉంటుంది, ఆ గట్టు మీద కాలు పెట్టిన ప్రతివాడికీ ఒకటే. ఇమ్యూనిటీ, అంటే అక్కడి కోర్టుకి చిక్కకుండా ఇచ్చే రక్షణ, దీనికి సరిగ్గా తిరగబడిన వ్యవహారం. ఒకే బజార్లో, ఒకే రోడ్డు మీద, ఒకే నేరానికి, ఆ ఊరివాడికి ఒక చట్టం, బయట నుంచి తుపాకీతో వచ్చినోడికి ఇంకో చట్టం. చట్టం మనిషికి అంటుకుని వాడితోపాటు వచ్చేస్తుంది, వాడు పోయేప్పుడు వాడితోపాటే పోతుంది, చచ్చిపోయినవాడి ఇంటివాళ్ళు మాత్రం అక్కడే మిగిలిపోతారు.

ఇరాక్‌లో ఇది ఎలా మొదలైందో చెప్తాను. 2003లో అమెరికా, బ్రిటన్ సైన్యాలు ఇరాక్‌ని పట్టుకున్నాక ఆ మేలో ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 1483వ తీర్మానం చేసి ఆ రెండు దేశాల్నీ ఆక్రమించిన దేశాలుగానే గుర్తించింది. అమెరికా తరఫున అక్కడ పెత్తనం నడిపినాయన పాల్ బ్రెమర్. ఆ జూన్లోనే ఆయన 17వ ఉత్తర్వు అని ఒకటి తీసేడు. దాన్నే సవరించి, పెంచి 2004 జూన్ 27న మళ్ళీ సంతకం పెట్టేడు, మర్నాడు 28న అధికారం ఇరాకీలకి అప్పగించి విమానం ఎక్కేసేడు. తేదీలు చూడండి. స్వతంత్ర ప్రభుత్వం వచ్చే ముందురోజు, ఆ ప్రభుత్వం చేతులు కట్టేసే కాగితం. అది 2008 ఆఖరు దాకా నడిచింది.

అందులో ఏముందంటే, సోల్జర్లు వాళ్ళ దేశం చట్టానికి తప్ప ఇరాక్ కోర్టుకి జవాబు చెప్పక్కర్లేదు. కాంట్రాక్టర్లు కూడా కాంట్రాక్టు పనిలో భాగంగా చేసిన దేనికీ ఇరాక్ కోర్టుకి రానక్కర్లేదు, సబ్‌కాంట్రాక్టు వాళ్ళూ, ఇరాకీలు కాని వాళ్ళ పనివాళ్ళూ అందులోనే. సరే, కాంట్రాక్టు మనిషి ఎవడైనా కాల్పులు జరిపితే అవి కాంట్రాక్టు పనిలో భాగమా కాదా అన్నది ఎవరు తేల్చాలి? వాణ్ణి పంపిన దేశం ఒక సర్టిఫికెట్ ఇస్తే చాలు, ఇరాక్ కోర్టు దాన్ని కాదనడానికి లేదు. నా ప్రాక్టీసులో ఎన్నో ఏకపక్షం కాగితాలు చూసేను గానీ ముద్దాయి తరఫు వాళ్ళే సర్టిఫికెట్ రాసుకుని దానికి కోర్టు తలూపాలి అన్న కాగితం ఇంకెక్కడా చూళ్ళేదండి.

ఇంకోటి గుర్తుపెట్టుకోండి: ఇమ్యూనిటీ ఆ మనిషి సొత్తు కాదు, పంపిన దేశం సొత్తు. ఆ దేశం కావాలంటే వదులుకోవచ్చు, ఆ మనిషిని అడగక్కర్లేదు. మన కుక్ వైపు నుంచి ఆలోచించండి. కాగితం మీద అప్పట్లో వాడు కూడా ఆ రక్షణ కిందకే వస్తాడు. కానీ వాడి కోసం ఆ రక్షణ పట్టుకుని నిలబడే దేశం ఏది? ఇండియా ఆ సైన్యాల్లో లేదు. కంపెనీకి తలనెప్పి వస్తే వాణ్ణి గేటు బయటికి పంపి వీసా కేన్సిల్ చేస్తే సరిపోతుంది, గేటు దాటాక వాడు కాగితాల్లేని పరాయి దేశస్థుడు.

ఆ రక్షణ వల్ల ఏం జరిగిందో చెప్పాలంటే 2007 సెప్టెంబర్ 16 సంగతి చెప్పాలి. బాగ్దాద్‌లో నిసూర్ కూడలి, మధ్యాహ్నం ట్రాఫిక్. అమెరికా విదేశాంగ శాఖ వాళ్ళకి కాపలా కాసే బ్లాక్‌వాటర్ అనే ప్రైవేటు కంపెనీ గార్డులు కాల్పులు మొదలెట్టేరు. 17 మంది చచ్చిపోయేరు, అందులో తొమ్మిదేళ్ళ పిల్లాడు ఒకడు, తండ్రి కార్లో వెనక సీట్లో కూచున్నాడు. ఇరాక్ ప్రభుత్వం ఆ కంపెనీని వెళ్ళిపొమ్మంది, కానీ ఆ గార్డుల్ని పట్టుకుని తన కోర్టులో పెట్టలేకపోయింది, 17వ ఉత్తర్వు అడ్డం. ఇక మిగిలింది అమెరికా కోర్టే. అక్కడ 2000 సంవత్సరంలో చేసిన చట్టం ఒకటుంది, బయట దేశాల్లో తమ మిలిటరీతో పనిచేసే సివిలియన్లు నేరం చేస్తే అమెరికాలో విచారించొచ్చని. ఇరాక్‌లో అబూ గ్రైబ్ జైల్లో అమెరికా వాళ్ళు ఖైదీల్ని హింసించిన ఫోటోలు బయటికొచ్చేక 2004లో దాన్ని ఇంకొంచెం వెడల్పు చేసేరు, రక్షణ శాఖ పనికి సాయంగా ఉన్నవాళ్ళందరికీ అని. మరి వీళ్ళు విదేశాంగ శాఖ కాంట్రాక్టు వాళ్ళు కదా, ఈ చట్టం వీళ్ళకి వర్తిస్తుందా అని అక్కడే మొదటి పేచీ. రెండో పేచీ, కాల్పులవ్వగానే విదేశాంగ శాఖ వాళ్ళు గార్డుల దగ్గర స్టేట్‌మెంట్లు తీసుకుంటూ, ఇది మీమీద కేసులో వాడం అని హామీ ఇచ్చేసేరు. ఆ స్టేట్‌మెంట్లు ప్రాసిక్యూషన్‌లోకి పాకేయని 2009 డిసెంబర్లో జడ్జి కేసు మొత్తం కొట్టేసేడు. 2011లో అప్పీలు కోర్టు తిరగతోడింది. 2014లో నలుగురికి నేరం రుజువైంది, 2015లో ఒకడికి యావజ్జీవం, ముగ్గురికి ముప్పయ్యేసి ఏళ్ళు. మళ్ళీ అప్పీలు, ఒకడికి మళ్ళీ విచారణ, వాడికి మళ్ళీ యావజ్జీవం, మిగతా ముగ్గురికి శిక్ష సగానికి తగ్గడం. ఆ తర్వాత 2020 డిసెంబర్ 22న అధ్యక్షుడు ట్రంప్ నలుగురికీ క్షమాభిక్ష పెట్టేసేడు. పదమూడేళ్ళు సాక్షులు బాగ్దాద్ నుంచి వాషింగ్టన్ తిరిగేరు, చివరికి ఒక్క సంతకం. ఆ తండ్రి ఇరాక్‌లో ఉన్న ఏ కోర్టుకీ వెళ్ళి నా పిల్లాడి సంగతి తేల్చండి అని అడగలేకపోయేడు, నాకు ఇది తల్చుకుంటేనే కడుపు మండుతుంది.

చట్టం అసలు లేదని మాత్రం అనను. 2006లో మహ్ముదియాలో అమెరికా సోల్జర్లు ఒక చిన్నపిల్లని చెరిచి, ఆమెనీ, తల్లిదండ్రుల్నీ, చెల్లినీ చంపేసిన కేసులో ఒకడు అప్పటికే ఆర్మీ నుంచి బయటికొచ్చేసేడు, కోర్ట్ మార్షల్, అంటే సైన్యం సొంత కోర్టులో విచారణ, చెయ్యడానికి లేదు, వాణ్ణి పైన చెప్పిన 2000 నాటి చట్టం కింద అమెరికాలో కెంటకీలో మామూలు కోర్టులో పెట్టి 2009లో యావజ్జీవం వేసేరు. 2012లో అఫ్ఘనిస్తాన్‌లో కాందహార్ దగ్గర 16 మందిని చంపిన అమెరికా సార్జెంట్‌కి కూడా కోర్ట్ మార్షల్లో యావజ్జీవం పడింది. కానీ 2005లో ఇరాక్‌లోని హదీతాలో అమెరికా సోల్జర్ల చేతిలో 24 మంది చచ్చిపోయిన కేసులో ఒక్కరికీ జైలు పడలేదు. అంటే శిక్ష పడుతుందా పడదా అన్నది పంపిన దేశం మనసు మీద ఉంటుంది, బాధితుడి హక్కు మీద ఉండదు. బాధితుడికి దక్కేది సానుభూతి సొమ్ము, ఇరాక్‌లో ప్రాణానికి మామూలుగా 2,500 డాలర్ల దాకా ఇచ్చేవారు, అది కూడా తప్పు ఒప్పుకోకుండా.

అందుకే ఇరాకీలు ఒప్పందం దగ్గర పట్టుబట్టేరు. 2008 నవంబర్లో రెండు దేశాలూ రాసుకున్న ఒప్పందం 12వ ఆర్టికల్లో, కాంట్రాక్టర్ల మీద విచారణ హక్కు ముందు ఇరాక్‌దే అని రాసేరు. కాంట్రాక్టర్ అంటే అమెరికా పౌరులే కాదు, మూడో దేశం వాళ్ళూ, సబ్‌కాంట్రాక్టు వాళ్ళూ అని కూడా అందులోనే ఉంది. ఆ ఒప్పందం 2011 ఆఖరు దాకా నడిచిందే అయినా, మీ ఏజెంటుకి చూపించాల్సింది ఇదే. సోల్జర్ల విషయంలో మాత్రం, డ్యూటీలో లేనప్పుడు, బేస్ బయట, కావాలని చేసిన పెద్ద నేరాలకే ఇరాక్ హక్కు ఉండేది, డ్యూటీలో ఉన్నాడా లేదా అన్నది మళ్ళీ అమెరికా వాళ్ళే చెప్పేవారు. 2011లో ఇంకొన్నాళ్ళు ఉంటాం, మా సోల్జర్లకి ఇమ్యూనిటీ ఇవ్వండి అంటే ఇరాక్ నాయకులు ఒప్పుకోలేదు, ఆ డిసెంబర్లో సైన్యం వెళ్ళిపోయింది. 2014లో ఐసిస్ మీద యుద్ధానికి మళ్ళీ వచ్చేరు, ఈసారి రెండు ప్రభుత్వాల మధ్య దౌత్య లేఖల మీద.

ఇదేదో అరబ్బు దేశాల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్ళకి రెండు మాటలు. మన గోదావరి జిల్లాలో కూడా ఇది నడిచింది. ఇంగ్లీషు వాళ్ళ కాలంలో తెల్లవాడు నేరం చేస్తే దేశీ మేజిస్ట్రేట్ విచారించడానికి వీల్లేదు, 1883లో ఇల్బర్ట్ బిల్లు తెచ్చి ఆ తేడా తీసేద్దామంటే తెల్లవాళ్ళంతా గోల చేసి దాన్ని నీరుగార్చేరు, కనీసం సగం మంది తెల్లవాళ్ళున్న జ్యూరీ అడిగే హక్కు దక్కించుకున్నారు. ఆ తేడాలు పూర్తిగా పోవడానికి స్వాతంత్ర్యం రావాల్సొచ్చింది.

రెండోది ఇంకా దగ్గరిది, అంతర్వేది, ఓడలరేవు వైపు వేటకెళ్ళే వాళ్ళు తప్పక తెలుసుకోవాల్సింది. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరంలో ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ట్యాంకర్ మీద కాపలా ఉన్న ఇద్దరు ఇటలీ నేవీ మెరీన్లు మన చేపల బోటు మీద కాల్చి ఇద్దరు జాలర్లని చంపేసేరు. సముద్రపు దొంగలనుకున్నాం అన్నారు. ఇండియాని ఎవరూ ఆక్రమించలేదు, మన పోలీసులున్నారు, మన కోర్టులున్నాయి, వాళ్ళని అరెస్టు కూడా చేసేం. అయినా 2020లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఏం చెప్పిందంటే, వాళ్ళు ఇటలీ ప్రభుత్వం తరఫున డ్యూటీలో ఉన్నారు కాబట్టి వాళ్ళకి ఇమ్యూనిటీ ఉంది, ఇండియా క్రిమినల్ కేసు ఆపెయ్యాలి, ఇటలీ నష్టపరిహారం కట్టాలి అంది. ఇటలీ 10 కోట్లు కట్టింది, చెరో కుటుంబానికి 4 కోట్లు, బోటు యజమానికి 2 కోట్లు, 2021 జూన్లో సుప్రీంకోర్టు కేసు మూసేసింది. ఇక్కడ విచారణ జరగలేదు, రోమ్‌లో కూడా శిక్ష పడలేదు. మనంతటి దేశానికే ఇంత అయితే, ఆక్రమణలో ఉన్న దేశంలో ఒక మామూలు మనిషి మాట ఎవడు వింటాడండి.

సరే, మీ రెండో ప్రశ్నకి వస్తాను. మనవాడికి దెబ్బ తగిలితే, ప్రాణం పోతే ఏంటి?

అమెరికా వాళ్ళకి డిఫెన్స్ బేస్ యాక్ట్ అని 1941 చట్టం ఉంది. వాళ్ళ బేస్‌లో, వాళ్ళ కాంట్రాక్టు కింద పనిచేసే వాడు ఏ దేశస్థుడైనా, సబ్‌కాంట్రాక్టులో సబ్‌కాంట్రాక్టు వాడైనా, కంపెనీ ఇన్సూరెన్సు కట్టి తీరాలి. సబ్‌కాంట్రాక్టరు కట్టకపోతే పైన ఉన్న కంపెనీ మీద పడుతుంది. దెబ్బ తగిలితే వైద్యం, జీతంలో మూడింట రెండు వంతులు. ప్రాణం పోతే భార్యకి జీతంలో సగం, పిల్లలుంటే మూడింట రెండు వంతుల దాకా. దెబ్బ తగిలిన 30 రోజుల్లో కంపెనీకి రాతపూర్వకంగా చెప్పాలి, ఏడాదిలోపు అమెరికా కార్మిక శాఖలో క్లెయిమ్ పెట్టాలి. పని చేస్తుండగానే జరగాలని కూడా లేదు, అలాంటి ప్రమాదకరమైన చోట ఉండబట్టే జరిగింది అని చూపించగలిగితే కోర్టులు ఒప్పుకుంటాయి.

రాజోలు దగ్గర ఊరి కుర్రాడు ఒకడు బేస్ లాండ్రీలో చేసేవాడు, ప్రెస్ మెషీన్లో చెయ్యి పడి కాలిపోయింది. గల్ఫ్ సబ్‌కాంట్రాక్టరు రెండు నెలల జీతం చేతిలో పెట్టి, ఇంగ్లీషులో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని విమానం ఎక్కించేసేడు. ఇక మాకేం సంబంధం లేదు, ఏ క్లెయిమూ చెయ్యను అని అందులో ఉంది. వాడు ఇంటికొచ్చి నెలల తరబడి సంతకం పెట్టేసేను కదా ఇంకేం రాదని కూచున్నాడు. ఆ సంతకం చెల్లదండి. ఆ చట్టం కింద రాజీ అంటే కార్మిక శాఖ అధికారి గానీ జడ్జి గానీ ఆమోదించాలి, లేకపోతే ఎన్ని కాగితాల మీద పెట్టించుకున్నా పనికిరాదు. వాడి ఫోన్లో బేస్ ఐడీ బ్యాడ్జి ఫోటో ఉండబట్టి పై కంపెనీ పేరు దొరికింది, దాన్నిబట్టి ఇన్సూరెన్సు కంపెనీని పట్టుకున్నాం, గడువు లోపలే క్లెయిమ్ పడింది, డబ్బు వచ్చింది.

ఇంకొకామె, లంక గ్రామం, భర్త డ్రైవరు, బేస్ లోపల రాత్రిపూట మిలిటరీ బండి గుద్ది చనిపోయేడు. ఏజెంటు పట్టుకొచ్చిన కాగితంలో గుండెపోటు అని ఉంది. తోటి డ్రైవర్లు వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజీలు అవే ఆధారం. బండి నడిపిన సోల్జర్ మీద ఏ చర్య తీసుకున్నారో ఇప్పటికీ ఆమెకి ఎవరూ చెప్పలేదు, నేను రాసిన ఉత్తరాలకి జవాబు లేదు. పరిహారం దగ్గర ఇంకో అన్యాయం ఉంది, అది చట్టంలోనే ఉంది: బాధితులు అమెరికా, కెనడా వాళ్ళు కాకపోతే ముందుముందు రావాల్సిన సొమ్ముని లెక్కకట్టి అందులో సగమే ఒకేసారి ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు. ఆమెకి అలాగే ఇచ్చేరు. కొబ్బరితోట మీద అప్పు తీరింది, పిల్లల చదువుకి కొంత మిగిలింది.

కంపెనీ మీద విడిగా దావా వేద్దామంటే, ఈ ఇన్సూరెన్సు ఉంది కాబట్టి మామూలుగా వెయ్యనివ్వరు. 2004 ఆగస్టులో 12 మంది నేపాలీల్ని అమ్మాన్ నుంచి ఇరాక్ బేస్‌కి తీసుకెళ్తుంటే దారిలో ఎత్తుకుపోయి చంపేసేరు. జోర్డాన్ హోటల్లో పని అని చెప్పి పాస్‌పోర్టులు లాక్కుని ఇరాక్ పంపేరు అని వాళ్ళ ఇళ్ళవాళ్ళ ఆరోపణ. ఇన్సూరెన్సు పరిహారం 2008లో వచ్చింది. మనుషుల్ని రవాణా చేసేరు అని పెద్ద కంపెనీ మీద అమెరికాలో వేసిన దావా మాత్రం 2017లో అప్పీల్లో కూడా పోయింది, జరిగింది అమెరికా బయట కాబట్టి.

మీ బావమరిది నేరం చేస్తే ఏంటి అన్నదానికి కూడా చెప్తున్నాను. ఇరాక్ వదిలేసినా, భారతీయుడు బయట దేశంలో చేసిన నేరానికి ఇక్కడ కేసు పెట్టొచ్చు, భారతీయ న్యాయ సంహిత మొదటి సెక్షన్లోనే ఉంది, కేంద్ర ప్రభుత్వం అనుమతి ఉంటే విచారణ కూడా ఇక్కడే. కాబట్టి ఏ కేసూ అంటదు అన్నమాట ఏ రకంగా చూసినా అబద్ధం.

వెళ్ళాలనే అనుకుంటే డబ్బు కట్టకముందు చూడాల్సినవి చెప్తాను. ఏజెంటుకి కేంద్రం ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఉందా లేదా ఈమైగ్రేట్ సైట్లో చూడండి, రిజిస్టర్డ్ ఏజెంటు సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ఆఫర్ లెటర్లో పని జరిగే చోటు ఇరాక్ అనే ఉందా, దుబాయ్ అనో జోర్డాన్ అనో ఉందా చూడండి, వేరే దేశం పేరుంటే అక్కడే ఆగిపోండి. పై కంపెనీ పేరు, ఇన్సూరెన్సు కంపెనీ పేరు రాతలో అడగండి. ఐడీ బ్యాడ్జి రెండువైపులా ఫోటో తీసి ఇంటికి పంపమనండి. క్లెయిమ్ వస్తే సగం మాకు అనే మధ్యవర్తుల్ని దగ్గరికి రానివ్వకండి, ఆ చట్టం కింద వకీలు ఫీజు కూడా అక్కడి అధికారి ఆమోదించిందే తీసుకోవాలి.

మీ బావమరిదికి పెళ్ళయిందో లేదో మీరు రాయలేదు. అయ్యుంటే గుళ్ళో పెళ్ళి అని వదిలెయ్యకుండా వెళ్ళే ముందే రిజిస్టర్ చేయించండి. పెళ్ళి కాకపోతే, విదేశీ పనివాడి తల్లిదండ్రులకి ఆ పరిహారం రావాలంటే, ప్రమాదానికి ముందు ఏడాది పాటు కొడుకు వాళ్ళని పోషించినట్టు రుజువుండాలి, భార్యాపిల్లలు లేనప్పుడే వాళ్ళ వంతు వస్తుంది. చేతికి ఇచ్చి పంపితే, హవాలాలో పంపితే రుజువుండదు, అందుకని మొదటి నెల నుంచే డబ్బు బ్యాంకులోంచి నేరుగా వాళ్ళమ్మగారి అకౌంటుకే వెయ్యమనండి.